డైనమిక్స్ 365 ఫైనాన్స్, ఆరేళ్ల వాడకం తర్వాత: కంపెనీలు ఎన్ని పెట్టాలి, టెనెంట్ ఎన్ని ఉండాలి?

నెలాఖరు క్లోజింగ్ సాఫీగా సాగుతుందా, ప్రతి నెలా లొల్లి అవుతుందా అన్నది మైక్రోసాఫ్ట్ వారి ఈ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మొదటి వారంలోనే తేలిపోతుంది. ఆ వారం పెట్టిన లీగల్ ఎంటిటీలు (సాఫ్ట్‌వేర్‌లో విడిగా పద్దులు రాసే ఒక్కో కంపెనీ), వాటి కోడ్‌లు, కరెన్సీలు ఆ తర్వాత మార్చుకుందామంటే కుదరవు. స్క్రీన్లు, రిపోర్టుల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇక్కడ ఈ ఒక్క ముచ్చటే.

లెక్క అర్థం కావడానికి ఒక గ్రూపును అనుకుందాం. కరీంనగర్‌లో గ్రానైట్ క్వారీ, ఎగుమతి కోసం కాకినాడ పోర్టు దగ్గర స్టాక్‌యార్డు, దుబాయ్ ఫ్రీ జోన్‌లో ట్రేడింగ్ కంపెనీ, అమెరికాలో అమ్మకాల కంపెనీ, అన్నిటి పద్దులు రాసే ఆఫీసు వరంగల్‌లో. ఎన్ని లీగల్ ఎంటిటీలు పెట్టాలి? అడ్రసులు లెక్కపెట్టి ఐదు అనేవాళ్లున్నారు, కరీంనగర్, కాకినాడలకు జీఎస్టీ నంబర్లు వేరు కదా అని నాలుగు అనేవాళ్లూ ఉన్నారు. పెట్టాల్సినవి మూడే, చట్టం ఒక కంపెనీగా చూసేదానికి ఒక ఎంటిటీ.

జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు. మొదటి రెండు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రకు 37. తర్వాతి పది పాన్. రెండు నంబర్లలోనూ ఆ పది ఒకటే అయితే చట్టం దృష్టిలో కంపెనీ ఒకటే. జీఎస్టీ వరకు రెండు రిజిస్ట్రేషన్లను వేర్వేరు వ్యక్తులుగా చూస్తారు, కరీంనగర్ నుంచి కాకినాడకు బ్లాకులు పంపితే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య సరుకుకు పడే జీఎస్టీ) పడుతుంది, అది నిజమే. కానీ దానికి కొత్త కంపెనీ అక్కర్లేదు. ప్రతి వేర్‌హౌస్ అడ్రసుకు పన్ను సమాచారంలో దాని జీఎస్టీ నంబరు తగిలించి, సరుకును ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ మీద పంపితే సాఫ్ట్‌వేరే పన్ను లెక్క వేస్తుంది.

రాష్ట్రానికో ఎంటిటీ పెడితే ఏమవుతుందో ఒక్క కాంట్రాక్టర్ బిల్లుల దగ్గర చూడండి. క్రేన్ కాంట్రాక్టర్ ఒకడే, రెండు చోట్లా పని చేస్తాడు. కరీంనగర్ ఎంటిటీలో 22,000 బిల్లులు మూడు, కాకినాడ ఎంటిటీలో మూడు. కాంట్రాక్టర్ టీడీఎస్‌కు ఒక్క బిల్లు పరిమితి 30,000, ఏడాది మొత్తం పరిమితి 1,00,000. ఒక్కో ఎంటిటీలో 66,000 మాత్రమే కనబడుతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ టీడీఎస్ పట్టదు. పాన్ మీద చూస్తే మొత్తం 1,32,000. ఈ తేడా బయటపడేది ఆడిట్‌లో. అప్పటికి వడ్డీ నెలనెలా ఎక్కుతూ ఉంటుంది, పైగా ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చులో 30 శాతాన్ని ఖర్చుగా ఒప్పుకోరు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, అడిగిన చోట అది సరిగ్గానే లెక్క పెట్టింది.

ఈ సూత్రానికి ఒక్క మినహాయింపు ఉంది. దుబాయ్‌లో ఉన్నది కంపెనీ కాకుండా ఇక్కడి కంపెనీకి బ్రాంచి అయితే, చట్టం ప్రకారం అది వేరే సంస్థ కాదు. అయినా సాఫ్ట్‌వేర్‌లో దానికి వేరే ఎంటిటీ పెట్టడమే మేలు. కారణం, ఏ దేశం పన్ను ఫీచర్లు తెరుచుకోవాలన్నది లీగల్ ఎంటిటీ ప్రధాన అడ్రసులోని దేశాన్ని బట్టే ఉంటుంది. ఇండియా అడ్రసు మీద యూఏఈ వ్యాట్ నడపాలంటే నెలనెలా తిప్పలే. అడ్రసు తప్పు దేశంతో పెట్టి, జీఎస్టీ మెనూ ఎందుకు కనబడట్లేదని టికెట్ వేసేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు.

కోడ్‌కు నాలుగు అక్షరాలే. పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, కోడ్ మాత్రం అతుక్కుపోయినట్టే. అందుకే కంపెనీ పేరులోంచో, ఊరి పేరులోంచో కోడ్ తీయొద్దు. దేశం రెండక్షరాలు, పక్కన అంకెలు రెండు చాలు: ఐఎన్01, ఏఈ01, యూఎస్01. ఎలిమినేషన్ (గ్రూపు కంపెనీల మధ్య లావాదేవీలను కొట్టేయడం) కోసం పెట్టే ఎంటిటీకి, కన్సాలిడేషన్ (అన్ని కంపెనీల లెక్కలు కలపడం) ఎంటిటీకి అంకెలు 90 నుంచి మొదలెడితే జాబితాలో అవి వేరుగా కనబడి, ఎవరూ పొరపాటున వాటిలో బిల్లు కొట్టరు. మెసేజ్‌లో పంపుకునే లింకులో కూడా ఇదే కోడ్ ఉంటుంది. ఇండియా ఎంటిటీలో ఉన్నాననుకుని దుబాయ్ లింకు నొక్కినవాడు దుబాయ్‌లోనే తేలతాడు. పోస్ట్ నొక్కే ముందు పైన కుడి మూల కోడ్ చూసుకోవడం కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే నేర్పాలి. ఎంటిటీకో బ్యానర్ బొమ్మ పెట్టుకోవచ్చు, పని చిన్నదే కానీ పొరపాట్లు బాగా తగ్గుతాయి.

అకౌంట్ల పట్టిక మాత్రం అందరికీ ఒక్కటే ఉండాలి. అమెరికా ఆడిటర్ తన పట్టిక తనకు కావాలంటాడు, ఒప్పుకోవద్దు. అక్కర్లేని ఖాతాలను ఎంటిటీ వారీగా ఆపేసే వీలుంది. పట్టికలు వేరైతే కన్సాలిడేషన్‌కు ప్రతి కొత్త ఖాతాకూ జోడీ రాసుకుంటూ కూర్చోవాలి. ఫిస్కల్ క్యాలెండర్ వేరుగా ఉన్నా ఇబ్బంది లేదు, ఇక్కడ ఏప్రిల్–మార్చి, అక్కడ జనవరి–డిసెంబర్. నెలలు కలిస్తే చాలు.

కరెన్సీ దగ్గర జాగ్రత్త. ఒక్క వోచర్ పోస్ట్ అయిందా, అకౌంటింగ్ కరెన్సీ ఇక మారదు. దుబాయ్‌కి దిర్హమ్ పెట్టి, రిపోర్టింగ్ కరెన్సీగా రూపాయి పెడితే ప్రతి వోచరూ రెండింటిలో పడుతుంది. దాన్నే కన్సాలిడేషన్ లెక్క అనుకుంటే మోసపోతారు. రిపోర్టింగ్ కరెన్సీ ఆ రోజు రేటుతో పడుతుంది. గ్రూపు లెక్కల్లో మాత్రం ఆస్తి అప్పులకు ముగింపు రేటు, లాభనష్టాలకు సాధారణంగా సగటు రేటు. రెండూ కలవవు, కలవాల్సిన పని కూడా లేదు. ఈ తేడా ముందే చెప్పకపోతే మార్చిలో మేనేజ్‌మెంట్ పరేషాన్.

ఇంటర్‌కంపెనీ జర్నల్ (గ్రూపు కంపెనీల మధ్య లావాదేవీలు రాసేది) ఈ సాఫ్ట్‌వేర్‌లో బాగా నచ్చే భాగం. ఒకే లైనులో ఖర్చు ఏఈ01ది, చెల్లించింది ఐఎన్01 అని రాస్తే, రెండు పక్కలా రావాల్సింది, ఇవ్వాల్సింది వోచర్లు తనే వేస్తుంది. కాకపోతే జతజతకూ సెటప్ కావాలి. మూడు ఎంటిటీలకు మూడు జతలు, ఎనిమిదికి 28. అవసరం లేని ఎంటిటీలు ఎందుకు పెంచొద్దో ఇక్కడ అర్థమవుతుంది. ఎంటిటీ కాపీ చేసే సౌకర్యం ఉన్నా, నంబర్ సీక్వెన్సులను (వోచర్లు, బిల్లుల వరుస నంబర్లు) రీసెట్ చేయమని చెప్పడం మర్చిపోవద్దు.

ఇక టెనెంట్, అంటే మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో మీ సంస్థకు ఇచ్చే విడి చోటు. హనుమకొండలో పోర్షన్ కిరాయికి తీసుకున్నట్టే: లోపలికి ఎవరు రావాలో ఆ గుమ్మమే తేలుస్తుంది, లోపల ఎన్ని బీరువాలున్నా సరే. లాగిన్లన్నీ ఒక ఎంట్రా (మైక్రోసాఫ్ట్ లాగిన్ సేవ) టెనెంట్‌వి, దాని కింద ఎన్విరాన్‌మెంట్ (సాఫ్ట్‌వేర్ నడిచే ఒక కాపీ), దానిలో ఒకే డేటాబేసు, ఆ డేటాబేసులో మూడు ఎంటిటీలు. ఎంటిటీకో టెనెంట్ తీసుకుంటే ఇంటర్‌కంపెనీ జర్నల్ చచ్చిపోయినట్టే. బయటి ఆడిటర్‌ను గెస్టుగా పిలవండి, మీ డొమైన్‌లో లాగిన్ ఇవ్వక్కర్లేదు. వేరే టెనెంట్ తప్పక కావాల్సిన సందర్భమూ ఉంది. చైనాలో అమ్మకాల కంపెనీ తెరిచి, దాని లెక్కలు అక్కడి క్లౌడ్‌లోనే ఉంచాలనుకుంటే, ఆ క్లౌడ్‌ను నడిపేది 21వయానెట్, దాని టెనెంట్ వేరు.

ఒకే డేటాబేసు అన్నప్పుడు రోల్స్ (ఎవరు ఏం చూడొచ్చు, చేయొచ్చు అనే హక్కులు) దగ్గర ఒక ఉచ్చు ఉంటుంది. యూజర్‌కు రోల్ ఇస్తే మామూలుగా అది అన్ని సంస్థలకూ వర్తిస్తుంది. పక్కనే ఉన్న ‘సంస్థలు కేటాయించు’లోకి వెళ్లి మార్చాలి. లేకపోతే కాకినాడ గుమాస్తాకు అమెరికా జీతాల వోచర్లు కనబడతాయి.

మాతృసంస్థ విదేశంలో ఉండి, పద్దులు వాళ్ల ఎన్విరాన్‌మెంట్‌లో నడుస్తుంటే ఇక్కడి సబ్సిడరీ ఒకటి చూసుకోవాలి. 2022 ఆగస్టు సవరణ తర్వాత కంపెనీల లెక్కల నిబంధనల ప్రకారం పుస్తకాల బ్యాకప్ ఇండియాలో ఉన్న సర్వర్‌లో రోజూ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఎడిట్ లాగ్ (పద్దుల్లో చేసిన మార్పుల చిట్టా) కూడా తప్పనిసరి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. ఇందుకు సాఫ్ట్‌వేర్‌లోని డేటాబేస్ లాగింగ్‌ను టేబుల్ వారీగా మనమే ఆన్ చేసుకోవాలి. అడ్మిన్ హక్కు ఎవరి చేతిలో ఉందని ఆడిటర్ అడిగేదీ ఇందుకే. ఆ హక్కు పద్దులు రాసేవాళ్లకు ఇవ్వొద్దు.

ఒక్క పాన్, రెండు జీఎస్టీ నంబర్లు, విదేశీ కంపెనీ ఏదీ లేదు అంటే ఇదంతా అనవసరపు బరువు. టాలీయే చాలు.