వెల్ష్ డ్రెస్సర్: రెండేళ్లు వాడిన తరువాత

బ్రిటన్‌లోని వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో ఉన్న మా ఇంటికి రెండేళ్ల క్రితం ఓక్ అనే గట్టి కర్రతో చేసిన ఒక పాత డ్రెస్సర్ కొన్నాము. పళ్ళాలను, కూజాలను దాచడానికీ నలుగురికీ కనిపించేలా నిలబెట్టడానికీ వేల్స్ పల్లె ఇళ్లలో తరతరాలుగా వాడుతున్న అలమర ఇది. తోమిన ఇత్తడి బిందెలనూ చెంబులనూ వంటింటి గోడ పలక మీద వరుసగా పేర్చిన ఇళ్లలో పెరిగినవారికి దీని ఉద్దేశం వేరుగా వివరించనక్కరలేదు. వెల్ష్ భాషలో దీనిని డ్రెసెల్ అనీ సెల్డ్ అనీ అంటారు. ధర 750 పౌండ్లు. ఇంటికి చేర్చినందుకు మరో 90 పౌండ్లు అయ్యాయి.

డ్రెస్సర్‌లో రెండు భాగాలుంటాయి. కింది భాగం లోతుగా ఉండి సొరుగులను మోస్తుంది. దాని మీద తక్కువ లోతు అరల చట్రం నిలుస్తుంది. ఉత్తర వేల్స్ పద్ధతిలో సొరుగుల కింద తలుపులున్న గూళ్ళు ఉంటాయి. దక్షిణ వేల్స్ పద్ధతిలో ఆ చోటు తెరిచే ఉంటుంది, నేలకు కొద్ది ఎత్తున పెద్ద పాత్రల కోసం ఒక పలక మాత్రం ఉంటుంది. మాది రెండో రకం. అయిదడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు, మూడు సొరుగులు, మూడు అరలు. కొనే ముందు కార్డిఫ్ శివార్లలోని సెయింట్ ఫేగన్స్ మ్యూజియానికి రెండుసార్లు వెళ్ళి, వేల్స్ నలుమూలల నుంచి తెచ్చి అక్కడ తిరిగి కట్టిన పాత ఇళ్లలో సామాను ఎలా అమర్చారో చూసి వచ్చాము. 1948లో తెరిచిన ఆ మ్యూజియానికి ప్రవేశ రుసుము లేదు కనుక కొనదలచినవారికి అంతకంటే మంచి పాఠశాల దొరకదు.

పనితనం విషయంలో ఫిర్యాదు లేదు. ఒక చెక్క చివర నాలుకలా చెక్కి, రెండో చెక్కలో తొలిచిన రంధ్రంలో దూర్చి, అడ్డంగా చెక్క చీల దిగగొట్టారు. ఆ కీళ్ళు నేటికీ కదలలేదు. చేవగల కర్ర కావడంతో సొరుగులు నిండా చెంచాలు, గరిటెలు వేసినా అడుగు కుంగలేదు. అయితే దుకాణదారు పైభాగం, కింది భాగం పుట్టుకతోనే ఒకటని నమ్మకంగా చెప్పగా, ఇంటికి తెచ్చి వెనక వైపు తిప్పి చూసినప్పుడు కింది చెక్క ముదురుగా, పై చెక్క లేతగా, రంపపు గీతలు వేరు వేరు తీరులో కనిపించాయి. వేరు వేరు డ్రెస్సర్ల ముక్కలను ఇలా జతచేయడాన్ని ఇక్కడి వ్యాపారులు మ్యారేజ్ అంటారు. కుదిరిన పెళ్ళే అనుకుని సర్దుకున్నాము కానీ, ముందే తెలిస్తే ధర తగ్గించమని అడిగేవాళ్ళం. కాబట్టి కొనేటప్పుడు వెనక వైపు తప్పక చూడండి. సొరుగు లాగి పిడి వెనక పాత రంధ్రాలున్నాయేమో పరిశీలించండి, ఉంటే పిడి మార్చారన్నమాట. చెక్కలో ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రని రంధ్రాలు పాతవైతే ఫరవాలేదు, వాటి కింద తాజా పొడి రాలుతుంటే మాత్రం పురుగు ఇంకా తొలుస్తున్నదని అర్థం.

ఇక అసలు పని, పింగాణీ. అరల మీద పళ్ళెం జారకుండా గాడి ఉంది, అంచుల కింద కూజాలు వేలాడదీసే కొక్కేలు ఉన్నాయి. చైనా పింగాణీని అనుకరిస్తూ ఇంగ్లండులో 18వ శతాబ్దం చివర రూపుదిద్దుకున్న నీలి రంగు విల్లో చెట్టు బొమ్మల పళ్ళాలు ముదురు ఓక్ ముందు నిలబడితే గదికే వెలుగు వస్తుంది. మనం పింగాణీ అని పిలిచే ఈ పాత పళ్ళాలలో చాలా భాగం నిజానికి మెరుగు పూసిన తెల్లమట్టివి. మెరుగు సన్నగా చిట్లితే పసుపు, నూనె లోపలికి ఇంకి మచ్చ శాశ్వతమవుతుంది. మా పళ్ళెం ఒకటి పప్పుచారుకు ఇలాగే బలైంది. పైగా పాతకాలపు మెరుగులో సీసం ఉండవచ్చు, పులుసు, పచ్చడి వంటి పుల్లని పదార్థాలకు వాటిని వాడకూడదు. ఇప్పుడు పాతవి చూడడానికి పై రెండు అరల్లోనూ, కొత్తవి తినడానికి కింది అరలోనూ ఉంచుతున్నాము.

మన వంటకు ఈ అలమరతో ఒక పెద్ద చిక్కు ఉంది. మొదట పొయ్యికి ఎదురుగా పెట్టాము. రోజూ పోపు వేసే ఇంట్లో తెరిచిన అరల మీద నూనె ఆవిరి పేరుకుని, దాని మీద దుమ్ము అంటుకుని, నెలరోజుల్లో పళ్ళాలు వేలికి జిడ్డుగా తగిలాయి. భోజనాల గదిలోకి మార్చాక ఆ బాధ చాలా తగ్గింది. అయినా రెండు వారాలకొకసారి నలభై పళ్ళాలు దించి కడగడం తప్పదు. ఆ ఓపిక లేనివారు అద్దాల తలుపుల బీరువా కొనుక్కోవడం మేలు. మరొక పొరపాటు నాదే. తడి ఇనప పెనం ఒక రాత్రి డ్రెస్సర్ మీద వదిలేస్తే, ఓక్‌లోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసి నల్లటి మచ్చ పడింది. తేనెమైనం రుద్దినా పోలేదు.

పైభాగం తన బరువుతోనే కింది దాని మీద నిలుస్తుంది, కనుక పిల్లలున్న ఇంట్లో దానిని గోడకు లోహపు పట్టీలతో బిగించి తీరాలి. సన్నని జిప్సం పలకల గోడలైతే లోపలి కర్ర చట్రం వెతికి దానిలోకి స్క్రూ దింపాలి.

ఈ లోపాలన్నీ లెక్కవేసుకున్నా మళ్ళీ దక్షిణ వేల్స్ రకమే కొంటాను. ఇంటి నుంచి తెచ్చుకున్న మూడు ఆవకాయ జాడీలు నేలకు పైనున్న ఆ కింది పలక మీద ఎండ తగలకుండా, చేతికి అందుతూ కూర్చున్నాయి. సొరుగులో జాడీ మూతికి కట్టే గుడ్డ, ఊరగాయ తీసే చెక్క గరిటె ఉంటాయి.