ఇంటిపేరుతో వెతికితే దొరకని మనిషి: వంశవృక్షం సర్వీసు మీద నా రివ్యూ

ముందే చెప్తున్నా, నేను కట్టింది 18 వేలు, మొదటి నాలుగు నెలలు మాత్రం శుద్ధ దండగ.

మా ముత్తాత తమ్ముడు అప్పలస్వామి ఓడెక్కి పోయి మళ్లీ రాలేదు. ఎక్కడికి అంటే ఇంట్లో అందరూ 'రంగం', అంటే బర్మాలోని రంగూన్, అనేవాళ్లు (మా వైపు ఓడెక్కిన ప్రతివాడూ రంగం పోయినట్టే లెక్క). కానీ నాన్నమ్మ ట్రంకుపెట్టెలో ఒక ఖాళీ కవరు ఉండేది, దాని మీద దక్షిణాఫ్రికాలోని డర్బన్ పోస్టు ముద్ర. దాని ఫొటో పంపి మరీ ఈ ఆన్‌లైన్ సర్వీసుకి పని అప్పజెప్పా.

మొదటి రిపోర్టు 40 పేజీలు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరడం, 1911 దాకా లక్షా యాభై రెండు వేల మందికి పైగా నటాల్‌కి (డర్బన్ ఉన్న ప్రాంతం) కూలీ ఒప్పందం మీద వెళ్లడం, రంగు రంగుల మ్యాపులు, ఇవన్నీ నేనే గూగుల్‌లో చదువుకోగలను కదా! మా మనిషి గురించి చివరి పేజీలో ఒక్క లైను: ఈ ఇంటిపేరుతో రికార్డు దొరకలేదు.

ఎలా దొరుకుతుంది? కూలీల వివరాలు రాసుకున్న ఆ ఓడల జాబితాల్లో ఇంటిపేరు అనే గడే లేదు. కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, అంతే. పైగా అక్కడే ఉండిపోయిన చాలా కుటుంబాల్లో ఆ వచ్చిన మనిషి పేరే తర్వాతి తరాలకి ఇంటిపేరైపోయింది. మన ఇంటిపేరు పట్టుకుని వెతికితే వందేళ్లు వెతికినా అంతే.

గట్టిగా మెయిల్ పెడితే పని ఇంకొకాయనకి మార్చారు. ఆయన ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, "ఇంటిపేరు వదిలేయండి సార్, ఆయన తండ్రి పేరేంటి? ఒంటి మీద మచ్చలేమైనా ఉండేవని ఇంట్లో ఎవరైనా చెప్పేవారా?" అని. నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. మూడు వారాల్లో ముగ్గురు అప్పలస్వాముల్ని తేల్చాడు, ఇద్దరు తండ్రి పేరు దగ్గరే పోయారు. మూడో మనిషిని అందులో 'అపల్‌సామి' అని రాసుకున్నారు, వయసు 22, విశాఖపట్నం జిల్లా, చోడవరం తాలూకా, ఎడమ మోకాలి కింద మచ్చ. ఊరి పేరైతే ఏ దొర చెవికి ఎలా వినపడిందో గానీ, నాలుగైదుసార్లు పైకి చదివితే తప్ప మాదని తెలియలేదు.

మచ్చ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన కూడా, ఇదే మనిషని నూటికి నూరుపాళ్లు చెప్పలేను, ఇంతకంటే దగ్గర ఇంకెవరూ లేరు అని రాసిచ్చాడు. అలా రాసినందుకే నచ్చాడు. మేనత్తకి ఆ పేజీ చదివి వినిపిస్తే, "అయితే రంగం కాదన్నమాట" అని ఊరుకుంది.

ఐదేళ్ల ఒప్పందం తీరాక ఏమయ్యాడన్నది ఇంకా తేలలేదు. తిరిగి రాకుండా, మళ్లీ ఒప్పందం రాయకుండా అక్కడే ఉంటే ఏడాదికి మూడు పౌన్ల పన్ను కట్టాల్సిన రోజులవి, 1914లో గానీ దాన్ని ఎత్తేయలేదు. ఆ సంగతి రెండో విడతలో వెతుకుతారట, దానికి మళ్లీ వేరే ఫీజు.

మీరు కూడా ఇలాంటి సర్వీసుకి ఇవ్వాలనుకుంటే, డర్బన్‌లో క్వాజులు-నటాల్ యూనివర్సిటీ వాళ్ల గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ దగ్గర ఓడల జాబితాలున్నాయి, వాటిలో తండ్రి పేరు, తాలూకా పట్టుకుని వెతుకుతారా అని అడ్వాన్సు కట్టకముందే అడగండి. నీళ్లు నమిలితే కట్టకండి.

సర్వీసుకి మూడు స్టార్లు. ఆ రెండో ఆయన ఒక్కడికే అయితే ఐదు ఇచ్చేవాణ్ణి.