పాత లారీకి కూలెంట్ ప్రెషర్ టెస్టర్: పనికొచ్చేదే, అడాప్టర్ చూసి కొనండి

రోజూ రేడియేటర్‌లో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) లీటరు తగ్గుతుంది, బండి కింద చుక్క కనబడదు. ఇలాంటప్పుడు చాలామంది స్టాప్‌లీక్ పొడి పోస్తారు, లేదంటే డ్రైవర్ల పాత చిట్కా, గుప్పెడు పసుపు. దారిలో ఆగిపోయిన బండి ఊరు చేరడానికి అది చాలు. కానీ చిల్లును మూసే పొడే రేడియేటర్ సన్న ట్యూబులనూ పూడుస్తుంది. ఆ తర్వాత లీకు పోయినా వేడి పోదు.

చేతిపంపు ప్రెషర్ టెస్టర్ కిట్టు ఈ గుడ్డి వైద్యాన్ని తప్పిస్తుంది. ఇందులో ఉండేది ఒక పంపు, మీటరు, రేడియేటర్ మూత స్థానంలో బిగించే అడాప్టర్లు, అంతే. ఇంజన్ నడవకుండానే వ్యవస్థలో ఒత్తిడి పెంచుతుంది కాబట్టి, వేడి మీద ఆవిరైపోయే చుక్క చల్లటి ఇంజన్ మీద తడిగా నిలిచి కనబడుతుంది.

కిట్టులో అసలు లోపం అడాప్టర్లే. డజనుకు పైగా ఇస్తారు, ఎక్కువ భాగం కార్లవే. పాత లారీ రేడియేటర్ మెడ వెడల్పు, ఏదీ పట్టదు. మెడ లోపలి వ్యాసం కొలుచుకుని, రబ్బరు ఉబ్బి బిగుసుకునే రకం అడాప్టర్ ఉన్న కిట్టే తీసుకోండి. రెండో లోపం మీటరు. 35 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాకా గీతలుంటాయి, పాత బండి మూతేమో చాలాసార్లు 7 పీఎస్ఐదే. ముల్లు అర పీఎస్ఐ దిగితే కంటికి ఆనదు. 15 పీఎస్ఐ మీటరు మార్చుకుంటే పని సుఖం.

వాడే పద్ధతిలోనే సగం ఫలితం ఉంది. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. వేడి ఇంజన్ మీద పెడితే చల్లారేకొద్దీ ముల్లు దానంతటదే దిగి, లేని లీకు చూపిస్తుంది. రేడియేటర్‌ను మెడ దాకా నింపండి. లోపల గాలి ఎక్కువుంటే చిన్న లీకుకు ముల్లు కదలదు. మూత మీద రాసిన ఒత్తిడి దాకానే కొట్టి, పావుగంట ఆగండి. అంతకు మించి కొడితే పాత రేడియేటర్ టంకం ఊడుతుంది.

ముల్లు దిగిందా, టార్చి వేసి వరసగా చూడండి: హోస్ క్లిప్పులు, టాప్ ట్యాంక్ అతుకు, ఇంజన్ బ్లాకు కోర్ ప్లగ్గులు (బ్లాకు రంధ్రాలను మూసే లోహపు బిళ్లలు), వాటర్ పంపు కింది చిన్న రంధ్రం. ఆ రంధ్రంలోంచి కారితే పంపు సీలు పోయినట్టే. దాన్ని ఎంసీల్‌తో మూసేవాళ్లున్నారు, అప్పుడు నీళ్లు బేరింగులోకి పోతాయి. హోస్ దగ్గరైతే క్లిప్పు బిగించి వదలకండి. పైపు మూతికి పట్టిన తుప్పును ఎమరీ కాగితంతో రుద్ది, మెత్తబడిన రబ్బరు మార్చాలి.

బయట ఎక్కడా తడి లేకుండా ముల్లు దిగితే లోపలి లీకు. చల్లటి ఇంజన్ సంపు (అడుగున నూనె ఉండే తొట్టి) డ్రెయిన్ బోల్టు కాస్త వదులు చేయండి. నీళ్లు నూనె కంటే బరువు, ముందు అవే వస్తాయి. ఎయిర్ బ్రేకు బండిలో గాలి ట్యాంకు డ్రెయిన్ కూడా తిప్పి చూడాలి. అక్కడ కూలెంట్ కనబడితే, ఆ ట్యాంకుకు గాలి నింపే, నీటితో చల్లబడే కంప్రెసర్ హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింది అతుకును మూసే పలుచటి పొర) మీద అనుమానం. ఈ ఒక్కటీ తట్టక ఇంజన్ హెడ్ విప్పేసిన సందర్భాలు తక్కువేమీ కాదు. టెస్టర్ ఉంచే ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు, ఇంకా వేడెక్కకముందే ముల్లు గబగబా ఎక్కితే ఇంజన్ హెడ్ గ్యాస్కెట్ దాటి సిలిండర్ గ్యాసు వస్తోందని అర్థం. వెంటనే ఇంజన్ ఆపి ఒత్తిడి వదలండి.

మూత పరీక్షించే అడాప్టర్ కూడా కిట్టులో ఉంటే ముందు అదే వాడండి. స్ప్రింగు నీరసించిన మూత ఓవర్‌ఫ్లో పైపులోంచి నీళ్లు తోసేస్తుంది, నింద రేడియేటర్ మీద పడుతుంది.

రిపేరు తర్వాత ఇదే పరీక్ష మళ్లీ చేసి, ఆపైనే కూలెంట్ పోయండి. 20 లీటర్ల వ్యవస్థకు 10 లీటర్ల చిక్కటి కూలెంట్, 10 లీటర్ల డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్లు వద్దు, ట్యూబుల్లో ఉప్పు పేరుకుంటుంది. రెడీమిక్స్ కొంటే నీళ్లు కలపనక్కర్లేదు.

ఒక్క బండి ఉన్నవాళ్లు కిట్టు కొనేకంటే టెస్టర్ ఉన్న షెడ్డుకు వెళ్లడం చవక. రెండు మూడు పాత లారీలు తిప్పేవాళ్లకైతే కొనదగ్గదే.