సాండ్‌హబ్ సమీక్ష: ఎగిరే బెలూన్‌ను ఎంతవరకు చూపిస్తుంది?

వాతావరణ కేంద్రాలు రోజూ వదిలే బెలూన్లను, హామ్ రేడియో (లైసెన్సుతో సరదాగా నడిపే రేడియో ప్రసారం) అభిరుచి ఉన్నవారు సొంతంగా ఎగరేసే బెలూన్లను, అవి గాలిలో ఉండగానే పటం మీద చూపించే ఉచిత సేవ సాండ్‌హబ్. స్వచ్ఛందంగా పనిచేసేవారే దీన్ని నడుపుతున్నారు. చూడటానికి ఖాతా అవసరం లేదు. ఇంతకుముందు ఇదే పని చేసిన హాబ్‌హబ్ మూతపడ్డాక హామ్ బెలూన్ల వారికి ఇదే ప్రధాన ఆధారమైంది. దీన్ని వాడుతూ నేను ఏర్పరచుకున్న అభిప్రాయం ఇది: బెలూన్ ఎత్తులో ఉన్నంతసేపు ఈ పటాన్ని నిశ్చింతగా నమ్మవచ్చు. అది నేలకు దగ్గరైనప్పుడు, దాని సంకేతాన్ని అందుకునే రిసీవర్లు లేని ప్రాంతాల మీదికి వెళ్లినప్పుడు మాత్రం ఆచితూచి చదవాలి.

దీని బలమంతా రిసీవర్లలోనే ఉంది. ప్రపంచంలో వందలాది కేంద్రాల నుంచి సాధారణంగా రోజుకు రెండుసార్లు రేడియోసాండ్లు (బెలూన్‌కు కట్టి పంపే చిన్న వాతావరణ పరికరాలు) పైకి లేస్తాయి. వాటిలో బాగా వాడుకలో ఉన్న వైసాలా ఆర్‌ఎస్41 బరువు సుమారు 100 గ్రాములే అయినా, ఉష్ణోగ్రత, తేమ, జీపీఎస్ స్థానం వంటి వివరాలను 400 నుంచి 406 మెగాహెర్ట్జ్ మధ్య నిరంతరం ప్రసారం చేస్తూ పోతుంది. ఇంటి మీద చిన్న యాంటెనా, ఒక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగుల్ (యూఎస్‌బీకి తగిలించే చవకైన రేడియో రిసీవర్), ఒక రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) ఉన్న ఎవరైనా ఆ సంకేతాన్ని పట్టుకుని సాండ్‌హబ్‌కు పంపవచ్చు. ఫ్రీక్వెన్సీని వెతికి, సంకేతాన్ని విప్పి, పైకి చేరవేసే పనంతా ఉచిత సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. ఒకే బెలూన్‌ను పలువురు వింటున్నప్పుడు ఒకరికి అందని ముక్క మరొకరికి అందుతుంది కాబట్టి పటం మీద గీత తెగకుండా సాగుతుంది.

పటంలో ఒక బెలూన్ మీద నొక్కి కాసేపు గమనిస్తే ఈ సేవ విలువ తెలుస్తుంది. సెకనుకు దాదాపు 5 మీటర్ల వేగంతో పైకి పోతున్న బెలూన్, జెట్ ప్రవాహం (చాలా ఎత్తులో వీచే బలమైన గాలి) ఎత్తుకు చేరగానే ఒక్కసారిగా పక్కకు కొట్టుకుపోవడం గీత వంపులో స్పష్టంగా కనిపిస్తుంది. 30 కిలోమీటర్ల ఎత్తు దాటాక, బాగా ఉబ్బిన రబ్బరు పగిలిన క్షణాన ఎత్తు అంకె తిరగబడుతుంది. అక్కడ గాలి చాలా పలుచన కావడంతో పారాచూట్ ఉన్నా పరికరం మొదట సెకనుకు పదుల మీటర్ల వేగంతో పడిపోతుంది, కిందికి వచ్చేకొద్దీ గాలి చిక్కబడి నెమ్మదిస్తుంది. పుస్తకంలో చదివిన వాయుమండలం ఇక్కడ అంకెల్లో మన కళ్ల ముందే కదులుతుంది. విద్యార్థులకు ఇంతకంటే మంచి పాఠం చూపించడం కష్టమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

దిగే చోటును ముందుగా లెక్కగట్టే సౌకర్యం అమెరికా వారి జీఎఫ్ఎస్ అనే వాతావరణ నమూనా ఇచ్చే గాలుల అంచనాల మీద ఆధారపడుతుంది. బెలూన్ ఇంకా పైకి పోతుండగా అది ఏ ఎత్తులో పగులుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఒక ఎత్తును ఊహించి లెక్క వేయక తప్పదు. అందుకే ఆ దశలో చూపించే గుర్తును చూసి బయలుదేరడం తొందరపాటు. పగిలిన తర్వాత అంచనా బాగా కుదురుకుంటుంది. అయినా చివరి మెట్టు మిగిలే ఉంటుంది. 30 కిలోమీటర్ల ఎత్తున ఉన్న పరికరానికి రేడియో పరంగా 600 కిలోమీటర్లకు పైగా నేల కనిపిస్తే, 100 మీటర్ల ఎత్తుకు దిగేసరికి అది 36 కిలోమీటర్లకు పడిపోతుంది. మధ్యలో గుట్టో భవనమో అడ్డు వస్తే అంత కూడా ఉండదు. దగ్గరలో రిసీవర్ లేకపోతే పటంలోని చివరి చుక్క బెలూన్ పడిన చోటు కాదు, దాని మాట చివరిసారి వినపడిన చోటు మాత్రమే.

పికో బెలూన్ల విషయంలో ఈ పరిమితి ఇంకా పెద్దది. 12 కిలోమీటర్ల ఎత్తు ప్రాంతంలో తేలుతూ నెలల తరబడి భూమిని చుట్టే ఈ చిన్న రేకు బెలూన్లు బరువు తగ్గించుకోవడానికి చాలావరకు బ్యాటరీ లేకుండా సౌరఫలకం మీదే నడుస్తాయి. కనుక రాత్రంతా మౌనమే. వాటిలో చాలావాటికి మాధ్యమమైన విస్పర్ (WSPR, అతి తక్కువ శక్తితో చిన్న సందేశాలను చాలా దూరం పంపే రేడియో పద్ధతి) విధానంలో ప్రాథమిక సందేశం చెప్పేది 2 డిగ్రీల రేఖాంశం, 1 డిగ్రీ అక్షాంశం ఉన్న ఒక గడిని మాత్రమే. కచ్చితమైన స్థానానికి ఇంకో సందేశం కావాలి. 2023 ఫిబ్రవరి 4న అమెరికా దక్షిణ కరొలైనా తీరం దగ్గర, గూఢచర్యానికి వచ్చిందన్న అనుమానంతో, చైనా బెలూన్‌ను కూల్చాక వచ్చిన ఉద్రిక్తతలో ఈ మౌనం ఎంత ముఖ్యమైందో తెలిసింది. నార్తర్న్ ఇల్లినాయ్ బాటిల్‌క్యాప్ బెలూన్ బ్రిగేడ్ అనే అమెరికా అభిరుచి బృందం వారి పికో బెలూన్ ఫిబ్రవరి 10న అలాస్కా పడమటి తీరం దగ్గర చివరి సంకేతం పంపింది. గాలుల లెక్క ప్రకారం మర్నాడు అది కెనడాలోని యూకాన్ ప్రాంతం మీద ఉండాలి. అదే రోజు యూకాన్ మీద ఒక గుర్తుతెలియని వస్తువును కూల్చేశారు. రెండూ ఒకటేనని అధికారికంగా తేలలేదు, శకలాలూ దొరకలేదు. ఈ ఉదంతాన్ని దృష్టిలో ఉంచుకునే నేను పటాన్ని చదువుతాను: అందులో ఉన్నది ఫలానాదని చెప్పవచ్చు గానీ, లేనిది అనుమానాస్పదమని చెప్పడానికి ఈ సేవ ఆధారం కాజాలదు. సాండ్‌హబ్ హామ్ బెలూన్ల పేజీలో పికో బెలూన్ కనిపించినప్పుడు స్థానం కంటే ముందు చివరి సంకేతం ఏ సమయానిదో చూడాలి.

పడిన పరికరాన్ని వెతకాలనుకునేవారు చేతిలో ఇమిడే రిసీవర్‌ను వెంట తీసుకెళ్తే, పటం ఆగిపోయిన చోటు నుంచి సంకేతాన్ని తామే అందుకోవచ్చు. దొరికినట్టు నమోదు చేసే సౌకర్యం కూడా సాండ్‌హబ్‌లో ఉంది కాబట్టి బయలుదేరే ముందు దాన్ని ఎవరైనా అప్పటికే తీసుకెళ్లారేమో చూసుకోవడం, పరాయి స్థలంలో పడితే యజమాని అనుమతి అడగడం మంచిది.