జైలా, లోక్ అదాలతా, పల్లె సంఘమా: ఫీల్డ్ వర్క్‌కి ఏది మేలు?

శాంతి, న్యాయం మీద ఆసక్తి ఉన్న సెమినరీ (పాస్టర్లకి శిక్షణనిచ్చే కాలేజీ) విద్యార్థులు ఫీల్డ్ వర్క్ ఎక్కడ చెయ్యాలని అడిగితే, సీనియర్లు ముందు చెప్పేది జైలు పరిచర్యే. రాజీతో కేసులు తేల్చే లోక్ అదాలత్, పల్లె సంఘం, అంటే ఊళ్లోని చర్చి కూడా ఉన్నాయి. జైల్లోనూ పల్లెలోనూ నేను పనిచేశాను, లోక్ అదాలత్‌కి చూడ్డానికి వెళ్లేవాణ్ణి.

జైలుకి వెళ్తే భయాలు, ముందే ఏర్పరచుకున్న అభిప్రాయాలు పోతాయి. అది పెద్ద మేలే. కానీ మన జైళ్లలో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు. నేరం ఇంకా రుజువు కాలేదు. ఇది తెలియక మొదటి నెలంతా నేను పశ్చాత్తాపం గురించే ప్రసంగించాను. "అయ్యగారూ, నేను చెయ్యనిదానికి ఎవర్ని క్షమించమని అడగాలి?" అన్నాడొకతను. నా దగ్గర జవాబు లేదు. ఇంకో లోటు, నష్టపోయినవాళ్లు అక్కడ ఎప్పుడూ కనపడరు.

రెస్టోరేటివ్ జస్టిస్‌కి, అంటే శిక్ష కంటే జరిగిన నష్టాన్ని సరిచెయ్యడం ముఖ్యమనే న్యాయానికి, నష్టపోయినవాళ్లే ప్రాణం. 1974లో కెనడాలోని ఎల్మైరాలో ఇద్దరు కుర్రాళ్లు ఒక్క రాత్రిలో 22 చోట్ల జనం ఆస్తులు పాడుచేశారు. మెనొనైట్ (శాంతికి పేరుపడ్డ ఒక క్రైస్తవ శాఖ) అయిన ప్రొబేషన్ అధికారి మార్క్ యాంట్జీ సూచనకు జడ్జి ఒప్పుకోవడంతో, వాళ్లిద్దరూ ఆ ఇళ్ల గడప తొక్కి, తప్పు ఒప్పుకుని, తర్వాత నష్టం కట్టారు. మన పాలమూరు పల్లెల్లోని మెనొనైట్ బ్రదరన్ సంఘాలదీ ఆ విశ్వాస పరంపరే. బైబిల్లో పన్నులు వసూలుచేసే జక్కయ్య కూడా ఊరికే మాటలు చెప్పలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు.

లోక్ అదాలత్‌లో చట్టం తెలుస్తుంది. ఏ కేసు రాజీకి వస్తుందో, ఏది రాదో అక్కడే నేర్చుకోవాలి. ఒకసారి అవార్డు (అక్కడి తీర్పు) ఇచ్చాక అప్పీలు ఉండదు. కానీ చెక్ బౌన్సులు, యాక్సిడెంటు పరిహారాలు నిమిషాల్లో తేలిపోతాయి, మనుషుల మధ్య ఏం మిగిలిందో అడిగే తీరిక ఎవరికీ ఉండదు. నాలుగైదు సిట్టింగులు చూస్తే చాలు.

పల్లె వేరు. నన్ను పంపిన ఊళ్లో అన్నదమ్ముల మధ్య పొలం గట్టు గొడవ. పెద్దమనుషులు ఒక్క పూటలో తేల్చేశారు, ఇద్దరూ చేతులు కలిపారు, నేను ప్రార్థన చేశాను. వారం తర్వాత తమ్ముడి భార్య అంది: "మా ఆయన సరే అన్నాడు గానీ, నన్ను కొట్టిన సంగతి ఎవరూ ఎత్తలేదు." ఆమె దెబ్బలు తింది ఆ గట్టు మీదే. నేను ఆ ఇంటికి ముందే ఒంటరిగా వెళ్లి, ఒక గంట కూర్చుని వినుంటే తెలిసేది. రాజీకీ సమాధానానికీ, అంటే నిజంగా మనసులు కలవడానికీ ఉన్న తేడా నాకు అక్కడ అర్థమైనంతగా ఏ క్లాసులోనూ అర్థం కాలేదు. ఎవరు ఎవరి దగ్గర అప్పు చేశారు, ఎవరు ఎవరి పొలంలో కూలికి పోతారు, ఇవి తెలియకుండా కూర్చోబెట్టి మాట్లాడిస్తే బలహీనుడే తగ్గుతాడు.

కులం పేరుతో దాడి జరిగితే మాత్రం విద్యార్థి మధ్యవర్తి కాకూడదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు ఊరి చావిడిలో తేల్చుకునేది కాదు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. బాధితులు పట్టుబట్టి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు కొట్టేసింది. అలాంటి బాధితుల దగ్గరికి వెళ్లి "వాళ్లని క్షమించండి" అనే హక్కు మనకు లేదు. పక్కన కూర్చోవచ్చు, కోర్టుకి తోడు వెళ్లొచ్చు.

అందుకే నా ఓటు పల్లెకే. ముందు ఆరు నెలలు అక్కడ, ఆ తర్వాత జైలు. ఒక్క షరతు: రెండు పక్షాల్లో ఎవరికీ బంధువు కాని సూపర్‌వైజర్ ఉండాలి, పదిహేను రోజులకోసారైనా ఊరికి రావాలి. అలాంటి మనిషి దొరక్కపోతే జైలుకే వెళ్లండి, ప్రసంగం మాత్రం ఇంటి దగ్గరే వదిలేసి వెళ్లండి.