డ్రిప్పు నీటిని పొదుపు చేస్తుంది, పుట్టించదు

బంగారుపాళ్యం దగ్గర మా రెండెకరాల తోతాపురి మామిడి తోటకు రెండేళ్ల క్రితం చిత్తూరులోని ఒక డీలరు చేత డ్రిప్పు వేయించాను. 110 చెట్లు, చెట్టుకు నాలుగు డ్రిప్పర్లు, ఒక్కొక్కటి గంటకు 8 లీటర్లు ఇవ్వాలి. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ పాఠం చెప్పినవాడిని కాబట్టి మొదటి వారమే డ్రిప్పర్ల కింద బకెట్లు పెట్టి కొలిచాను. చివరి వరుసలో ఐదు లీటర్లే వచ్చాయి. నేల వాలు చూడకుండా పైపులు పరచడం డీలరు తప్పే. ఫోను చేసిన నాలుగో రోజున మనిషి వచ్చి, తోటను రెండు భాగాలు చేసి గేట్ వాల్వు బిగించాడు. ఇప్పుడు ఏడున్నర లీటర్లు వస్తున్నాయి. బోరు నీటిలో ఉప్పు ఎక్కువ కావడంతో డ్రిప్పర్లకు తెల్లగా పొర కడుతుంది. వారానికోసారి ఫిల్టరు కడగక తప్పదు.

పైపులు మంచివి, ఎండకు పగల్లేదు. కాలువ పారించిన రోజుల్లో రెండు గంటలకే మోటారు గాలి పీల్చేది. ఇప్పుడు గంటన్నరతో పని పూర్తయి బోరులో నీరు మిగులుతోంది.

ఆ మిగులును చూసి డీలరు మనిషి, ‘‘పక్క ఎకరంలో టమాటా పెట్టండి సార్’’ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నాకు వెంటనే గుర్తొచ్చింది అమెరికా శాస్త్రవేత్త డొనెల్లా మెడోస్. కెమిస్ట్రీ చదివి, 1968లో హార్వర్డ్‌లో బయోఫిజిక్స్ డాక్టరేట్ అందుకున్న ఆమె, ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో వరల్డ్3 అనే కంప్యూటర్ నమూనా తయారుచేసిన బృందంలో పనిచేశారు. జనాభా, తిండి, పరిశ్రమలు, కాలుష్యం, తరిగిపోయే వనరులు, ఈ ఐదూ ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో 2100 దాకా లెక్కగట్టారు. ఆ ఫలితాలను 1972లో ప్రపంచం ముందు పెట్టారు. పెరుగుదల అలాగే సాగితే వనరులు తరిగి పరిశ్రమలు, జనాభా కూలిపోతాయని తేలింది. వనరుల నిల్వను రెండింతలు చేసినా ఆ నమూనాలో ఆ పతనం తప్పలేదు. పరిశ్రమలు ఇంకా పెరిగి, ఈసారి కాలుష్యం దెబ్బతీసింది. బోరులో నీరు మిగిలిందని పంట పెంచుకుంటూ పోతే నా మిగులుకూ అదే గతి. తర్వాత డార్ట్‌మత్ కళాశాలలో 29 ఏళ్లు పాఠం చెబుతూ, న్యూ హాంప్‌షైర్‌లో స్వయంగా వ్యవసాయం చేశారామె. 2001లో కన్నుమూశారు. నాకు ఆమె మీద గురువు మీద ఉన్నంత గౌరవం.

డ్రిప్పు కొనేవారు వాలు కొలిపించి, వాల్వుల సంగతి ముందే రాయించుకోండి. మా పక్క ఎకరం ఖాళీగానే ఉంది. వాన పడితే ఉలవలు చల్లుతాను.