1955 టాప్స్ క్లెమెంటే కొనబోతున్నారా? స్క్రూలు విప్పించి కొలిచాకే డబ్బు ఇవ్వండి

డాలస్ చుట్టుపక్కల పాత బేస్‌బాల్ కార్డులు అమ్మే కార్డ్ షోలకి వెళ్లే మనవాళ్లందరూ ఇది చదవండి. ఈ శనివారం ఒక టేబుల్ దగ్గర 1955 టాప్స్ రొబెర్టో క్లెమెంటే రూకీ కొన్నాను, అంటే టాప్స్ కంపెనీ వేసిన ఆ బేస్‌బాల్ ఆటగాడి తొలి ఏడాది కార్డు. 164వ నంబర్, గ్రేడింగ్ కానిది (కంపెనీ పరీక్షించి, కార్డు స్థితిని బట్టి పదికి అంకె వెయ్యనిది), నాలుగు స్క్రూల దళసరి హోల్డర్‌లో ఉంది. ఆ టేబుల్ ఎవరిదో ఎప్పుడూ వెళ్లేవాళ్లకి చెప్పక్కర్లేదు. పేరు మాత్రం ఇక్కడ రాయను.

కార్డు ఒరిజినలే. రీప్రింట్ (తర్వాత మళ్లీ అచ్చేసింది) అయితే పది నిమిషాల్లో పట్టుకునేవాణ్ణి. దీనికి రెండు పక్కలా అంచులు కోసేశారు.

ఇంటికొచ్చి స్క్రూలు విప్పి, అదే ఏడాది కామన్ కార్డు (పెద్ద పేరు లేని ఆటగాడి చవక కార్డు) ఒకటి దీనికి ఆనించి, రెండింటినీ కలిపి బల్ల మీద తట్టి నిలబెట్టాను. కామన్ కార్డు పైన సన్నటి గీతలా మిగిలి కనిపించింది. అడ్డం తిప్పి పెడితే ఆ పక్కా అంతే. మి.మీ.లో పదో వంతు దాకా చూపే కాలిపర్‌తో కొలిచాను. 1955 టాప్స్ కార్డు పొడవు 3.75 అంగుళాలు, ఎత్తు 2.625, అంటే 95.25 మి.మీ., 66.7 మి.మీ. నాకు వచ్చింది 94.1, 65.9.

వెంటనే అమ్మినవాడికి ఫోన్ చేశాను. "హోల్డర్‌లో చూశావు, నచ్చింది, తీసుకున్నావు. కొలత నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు" అన్నాడు. కోసిందని నీకు ముందే తెలుసా అని సూటిగా అడిగాను. "కొయ్యని కార్డు ఈ రేటుకి ఎవడిస్తాడు?" అన్నాడు. అంటే తెలుసు. తెలిసే అమ్మాడు. షోలో ఇదే మనిషి ఇదే కార్డు నా ముందు పెట్టి, "కార్నర్లు చూడు, ఈ కార్డులో ఇలాంటి కార్నర్లు దొరకవు" అన్నాడు. ఆ కార్నర్లు బ్లేడుతో చేసినవని తెలిసీ ఆ మాట అన్నాడు. ఆ తర్వాత నా నంబర్ బ్లాక్ చేశాడు. డబ్బు పోయిన దానికంటే కార్నర్ల గురించి అన్న ఆ మాటే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు.

తప్పు నా వైపూ ఉంది. స్క్రూలు విప్పి చూపించమని అడగాల్సింది, అడగలేదు. ఇన్నేళ్లుగా ఈ కార్డులు చూస్తున్నవాణ్ణి చెయ్యకూడని తప్పు అది.

అసలు ఎందుకు కోస్తారో తెలిస్తేనే ఎక్కడ చూడాలో తెలుస్తుంది. టీ206 అనే పాత సెట్‌లో బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ లాంటి కార్డుకి కార్డే అరుదు. 1909-11 మధ్య సిగరెట్ పెట్టెల్లో వచ్చింది, ఇప్పటికి దొరికినవి అరవై దాకా ఉంటాయి. అందుకే గ్రేడు 2 మాత్రమే ఉన్న కాపీ కూడా 2022లో 72.5 లక్షల డాలర్లకి పోయింది. క్లెమెంటే అలా కాదు. వేలల్లో ఉన్నాయి, ప్రతి పెద్ద షోలోనూ కనిపిస్తుంది. ఇక్కడ అరుదైనది కార్డు కాదు, పదునుగా మిగిలిన కార్నర్, నాలుగు వైపులా సమంగా ఉన్న తెల్ల బోర్డర్. పిల్లలు రబ్బర్ బ్యాండ్లు వేసి జేబుల్లో తిప్పిన కార్డులవి. గ్రేడింగ్ కంపెనీ పీఎస్‌ఏ ఇచ్చే 4కీ 8కీ మధ్య ధర ఎన్నో రెట్లు మారేది అందుకే. 1952 టాప్స్ మికీ మాంటిల్, 311వ నంబర్, 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లు పలికిందంటే ఎస్‌జీసీ అనే మరో గ్రేడింగ్ కంపెనీ ఇచ్చిన 9.5 గ్రేడు ఉండబట్టే. అరిగిన కార్నర్ నుంచి ఒక మిల్లీమీటరు కోస్తే పదునైన కార్నర్ వస్తుంది, ఒక పక్కకి జరిగిన బొమ్మ మధ్యకి వస్తుంది. ఒక్క కోతతో రెండు లాభాలు. కోసినట్టు తేలితే మాత్రం పీఎస్‌ఏ అంకె వెయ్యదు. 'అల్టర్డ్' (మార్చినది) అని రాసి ఇస్తుంది, లేదా గ్రేడు లేకుండా తిప్పి పంపుతుంది.

పెద్ద కార్డుల్లో జరగదని అనుకోకండి. పీఎస్‌ఏ 1991లో మొట్టమొదట గ్రేడు ఇచ్చిన కార్డు వాగ్నరే, 8 ఇచ్చారు. హాకీ ఆటగాడు వేన్ గ్రెట్స్కీ, ఆయన టీమ్ యజమాని బ్రూస్ మెక్‌నాల్ కలిసి 4 లక్షల 51 వేల డాలర్లకి కొన్న కార్డు అది. దాని అంచులు తానే కోశానని కార్డుల వేలందారు బిల్ మాస్ట్రో 2013లో కోర్టు కేసులో ఒప్పుకున్నాడు. అంత పేరున్న కార్డే ఇరవై ఏళ్లకు పైగా అలా చెల్లిపోయింది.

ఇక స్క్రూల హోల్డర్. అది కార్డుని కాపాడటానికే అనుకుంటాం. లోపల ఉండగా అంచు కనిపించదు, మీద స్కేలు పెట్టి కొలిస్తే ప్లాస్టిక్ మందం వల్ల కొలత తప్పుతుంది. పైగా స్క్రూలు బిగించి ఏళ్ల తరబడి ఉంచితే అట్ట నలిగి కాస్త వెడల్పవుతుంది. అంటే కోసిన కార్డు కూడా కొలతకి దగ్గరగా రావచ్చు. అందుకని ఒక్క కాలిపర్‌నే నమ్ముకోవద్దు. మరోవైపు, కొలత తగ్గిన ప్రతి కార్డూ కోసింది కాదు. ఫ్యాక్టరీలోనే కొంచెం చిన్నగా తెగినవి ఉన్నాయి, పెద్దగా తెగినవీ ఉన్నాయి. పెద్దగా తెగిన దాన్ని కోస్తే కొలత సరిగ్గా సరిపోతుంది, అదే మరీ ప్రమాదం.

తేల్చేది అంచే. 10 రెట్ల లూప్ (చిన్న భూతద్దం) పెట్టి, లైటు పక్క నుంచి పడేలా కార్డుని కాస్త వాల్చి నాలుగు అంచులూ ఒకదాని తర్వాత ఒకటి చూడండి. డెబ్బై ఏళ్ల అట్ట అంచున పీచు కొద్దిగా లేచి ఉంటుంది, రంగు మాసి నాలుగు వైపులా ఒకేలా ఉంటుంది. కొత్తగా కోసిన అంచు మిగతా వాటికంటే తెల్లగా, నున్నగా మెరుస్తుంది. బ్లేడు జరిగిన చోట సన్నటి అల కనిపిస్తుంది, కోత ముగిసిన కార్నర్ కొక్కెంలా కాస్త బయటికి పొడుచుకొస్తుంది. నా కార్డులో కింది అంచు అచ్చం ఇలాగే ఉంది. ఇంకో గుర్తు: వెనక వైపు మడతలూ అరుగుదలా ఉండి కార్నర్లు మాత్రం సూదుల్లా ఉంటే ఆ రెండూ ఒకే కార్డుకి పొసగవు.

రీప్రింట్ అనుమానమైతే అదే లూప్‌తో నల్ల అక్షరాలు చూడండి. ఒరిజినల్‌లో అక్షరం నిండు ఇంకు, అంచు స్పష్టంగా ఉంటుంది. స్కాన్ చేసి అచ్చేసిన దాంట్లో అక్షరమే చుక్కలుగా విడిపోతుంది. చీకటి గదిలో బ్లాక్ లైట్ (అతినీలలోహిత లైటు) కింద 1940లకి ముందరి కార్డు నీలితెలుపుగా వెలిగితే అది పాత అట్ట కాదు, కాగితంలో ఆ మెరుపు కలపడం తర్వాత వచ్చింది. నల్ల బోర్డర్ ఉండే 1971 టాప్స్ కొనేవాళ్లకి కూడా ఆ లైటు పనికొస్తుంది, మార్కర్‌తో దిద్దిన చోట్లు విడిగా తేలతాయి. 1952 మాంటిల్ అని చూపిస్తే ముందు సైజు చూడండి. 1983లో టాప్స్ వేసిన రీప్రింట్ 2.5 x 3.5 అంగుళాలే, ఒరిజినల్ దానికంటే పెద్దది.

షోకి వెళ్లేటప్పుడు కాలిపర్, లూప్, ఆ ఏడాది సెట్‌దే కొన్ని డాలర్ల కామన్ కార్డు ఒకటి జేబులో పెట్టుకోండి. స్క్రూలు విప్పనన్న టేబుల్ దగ్గర ఆగకండి. పేపాల్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపకండి, బ్యాంకు నుంచి నేరుగా పంపే జెల్ కూడా వద్దు. ఫీజు మిగులుతుందని నేను అలాగే పంపాను, ఇప్పుడు డిస్ప్యూట్ వేసే దారే లేదు. గూడ్స్ అండ్ సర్వీసెస్ కింద పంపి ఉంటే 180 రోజుల గడువు ఉండేది.

ఆ కార్డుని పీఎస్‌ఏకి పంపుతున్నాను. అంతలోపు అదే టేబుల్ దగ్గర ఈ మధ్య ఎవరైనా 1950ల కార్డులు కొని ఉంటే ఈ రోజే హోల్డర్ విప్పి కొలవండి. అంచులో తేడా కనిపిస్తే లూప్ లోంచి తీసిన ఫోటో పెట్టండి, చూసి చెబుతాను.